మోపు మోసే మనిషి

ఆగండి, అప్పుడే లేవకండి. పొయ్యిలో ఇంకో ఎండిన పీట్ మట్టిపెళ్ల పడేసి కూర్చోండి. లుబ్బెర్ట్ బొమ్మలో దోమ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఐసెల్ నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా తెలియనివాళ్లు లేరు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు కూడా. కానీ అందరూ దోమ దగ్గరే కథ ఆపేస్తారు. అసలు సంగతి దాని తర్వాత ఉంది. వినండి.

లుబ్బెర్ట్ చలికాలాల చిత్రకారుడు. పూలకుండీలు వెయ్యడు, ముసలాళ్ల మొహాలు వెయ్యడు, సముద్రం అసలే వెయ్యడు. గడ్డకట్టిన నది, దాని మీద జారేవాళ్లు, జారి పడేవాళ్లు, పడ్డవాళ్లని చూసి నవ్వేవాళ్లు, ఆకులు రాలిన చెట్టు మీద ఒక కాకి. అంతే. ఊళ్లో కాస్త కలిగిన ఇల్లయితే చాలు, ముందుగదిలో లుబ్బెర్ట్ చలికాలం ఒకటి వేలాడాల్సిందే. 'ఆ బొమ్మ కింద కూర్చుంటే జలుబు చేస్తుందమ్మా' అని ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. అంతకంటే మెచ్చుకోలు ఏముంటుంది?

నది గడ్డకట్టాక రోజూ పొద్దున్నే లుబ్బెర్ట్ ఇంటి ముందు తలుపు తెరుచుకునేది. ఒంటి మీద రెండు కోట్లు, మెడకి ఉన్నిగుడ్డ, చంకలో బొమ్మ వేసే చెక్కపలక, చేతిలో సుద్దముక్కల పెట్టె. రొట్టెల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు 'ఈ చలిలో మంచు మీదికి పోతున్నాడు చూడు, వేళ్లు ఊడిపోవూ!' అనుకునేవాళ్లు. అతను ఊరి గోడకున్న నది ద్వారం దాకా గంభీరంగా నడిచేవాడు. అక్కడ గోడ పక్కకి తిరిగి, తోళ్లపని వాళ్ల సందులోంచి, పందుల దొడ్డి వెనకనుంచి, మళ్లీ తన ఇంటి పెరటి తలుపు దగ్గరికే వచ్చి మెల్లిగా తట్టేవాడు. అక్క ఆల్టీ తలుపు తీసి, "వచ్చావా మహావీరా? నది బాగుందా?" అనేది.

ఎందుకంటే లుబ్బెర్ట్‌కి మంచంటే భయం. గడ్డకట్టిన నది అడుగునుంచి ఎవరో మూలిగినట్టు ఒక శబ్దం వస్తుంది కదా, అది వింటే అతను ఒడ్డునుంచే వెనక్కి తిరిగేవాడు. అతని చలికాలాలన్నీ నడివేసవిలో పుట్టినవే. అప్పుడు పొద్దు పొడుగు, రంగులో కలిపే అవిసెనూనె త్వరగా ఆరుతుంది, వేళ్లు కొంకర్లు పోవు. చొక్కా విప్పేసి, వీపు మీద చెమట కారుతుంటే, సీసపు తెల్లరంగుతో మంచు కురిపించేవాడు. ఆ సంగతి ఆల్టీకి తప్ప ఊళ్లో పిట్టకి కూడా తెలియదు.

ఆ ఏడు డిసెంబరు మొదట్లో, సెయింట్ నికొలాస్ పండగకే నది గట్టిగా బిగుసుకుంది. పండగయిన వారానికి సారా బట్టీ యజమాని ఎవర్ట్ గుర్రం చచ్చిపోయింది. ఎలాగంటే, బట్టీకి నీళ్ల కోసం అతని పనివాడు వెస్సెల్ నది మీద పెద్ద కన్నం కొట్టాడు. మర్నాడు పొద్దున్నే ఎవర్ట్ మేనకోడలు ఆ గుర్రాన్ని కట్టిన జారుబండి మంచు మీద తోలుకుంటూ వచ్చి సరాసరి అందులోకే పోయింది. పిల్లని కొక్కేలతో లాగారు, చెయ్యి విరిగింది, బతికింది. గుర్రాన్ని లాగలేకపోయారు.

నది మీద కన్నం కొట్టినవాడు పక్కన గుర్తుగా విల్లో చెట్టు కొమ్మ నాటాలి. ఇది మా దగ్గర పాలు మరవని పిల్లలకి కూడా తెలుసు. కొమ్మ కనబడితే పక్కకి తిప్పుకుంటాం. నాటకపోతే కన్నం కొట్టినవాడిది తప్పు. నాటినదాన్ని ఎవరైనా తీస్తే తీసినవాడిది తప్పు. తప్పు ఎవరిదైతే వాళ్లు పెళ్లాం పిల్లల్తో సహా ఊరి గోడ దాటి పోవాలి, మంచు కరిగేదాకా ద్వారంలో అడుగుపెట్టకూడదు. వెస్సెల్ "నాటాను, దేవుడి తోడు నాటాను" అన్నాడు. వెళ్లి చూస్తే కొమ్మ లేదు.

ఆ గొడవ ఇంకా వేడి మీదుండగానే ఎవర్ట్ లుబ్బెర్ట్ ముందుగదిలోకి వచ్చాడు. లావుపాటి మనిషి, నిద్రపోయి చాలా రోజులైనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. బొమ్మ కొనడానికి కూడా రాలేదు పాపం, చావిడిలో అందరూ గుచ్చి గుచ్చి అడుగుతుంటే తప్పించుకోవడానికి దూరాడు. గోడ మీద కొత్త పలక ముందు ఆగిపోయాడు. నది, నది ద్వారం, చర్చి గోపురం, జారుబండి, ముందు పక్కన నల్లటి కన్నం.

"ఇది మన నదే కదూ?" అన్నాడు.

"మనదే ఎవర్ట్ గారూ."

"పొద్దున్నే వేసినట్టుంది. ఆ వెలుతురు చూస్తేనే..."

"నా కళ్లతో చూసిందే వేస్తాను. చూడనిది ఒక్క గీత గియ్యను." ఆ మాట లుబ్బెర్ట్ నోటికి ఊరికే వచ్చేస్తుంది. కొనేవాళ్లు ఎవరొచ్చినా అదే చెప్పేవాడు, మనం తుమ్మినవాళ్లకి దీవెన చెప్పినట్టు, ఆలోచించకుండా.

ఎవర్ట్ బొటనవేలు పలక ఎడమ మూలకి వెళ్లింది. "అయితే వీడెవడు?"

అక్కడ ఒక మనిషి కన్నం వైపు వీపు పెట్టి నడిచి పోతున్నాడు. ఎర్ర టోపీ. ఎడమ భుజం కిందికి వాలి ఉంది. వీపు మీద కొమ్మల మోపు. లుబ్బెర్ట్ ఏ చలికాలం వేసినా ఎడమ మూల ఒక మోపు మనిషి ఉంటాడు. కుడిపక్క చెట్టు బరువుగా ఉంటుంది, ఎడమపక్క ఏదో ఒకటి పెట్టకపోతే బొమ్మ ఒరిగిపోతుంది. ఈసారి మోపు మనిషికి టోనిస్ నడక పెట్టాడు. టోనిస్ నది మీద జారే బాటలు చీపురుతో ఊడ్చేవాడు. రోజూ కిటికీ ముందునుంచే పోతాడు, ఆ వాలిన భుజం బాగుంటుంది, పెట్టాడు. అంతే.

"అది ఉత్తినే, ఎవర్ట్ గారూ. అక్కడ ఖాళీగా ఉందని..."

"టోనిస్ గాడు!" అన్నాడు ఎవర్ట్. "నా వెస్సెల్ చెబుతూనే ఉన్నాడు, నాటాను నాటాను అని. కన్నం పక్కన కొమ్మ లేదు, వీడి వీపు మీద ఉంది. నువ్వు చూశావు. చూసి వేశావు. చెప్పడానికి నోరు రాలేదు గానీ, చెయ్యి నిజం చెప్పేసింది." పలకని మేకు మీదనుంచి తీసేశాడు. "నా గుర్రం కన్నంలోంచి నా వంక చూసిన చూపు నీకు తెలియదు, లుబ్బెర్ట్. శనివారం ఊరి పెద్దల తీర్పు సభకి తీసుకుపోతాను."

డబ్బు బల్ల మీద పెట్టి, పలకని చంకలో పసిపిల్లలా ఇరికించుకుని వెళ్లిపోయాడు. లుబ్బెర్ట్ గుమ్మం దాకా వెంటపడి ఆగిపోయాడు.

"పోయి చెప్పు," అంది ఆల్టీ.

"చెబుతా."

"ఎప్పుడు? మంచు కరిగాకా?"

"చెబుతానన్నాను కదే అక్కా!"

కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. కుంచె తీసి నూనెలో ముంచాడు, తుడిచేశాడు. రంగు కోసం నీలం గాజుపొడి నూరడం మొదలుపెట్టి, రోకలి బండ మీద చెయ్యి అలాగే ఆపేశాడు. కిటికీ దగ్గరికి వెళ్లాడు, తెర వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. రొట్టె నోట్లో పెట్టుకుంటే పీచులా ఉంది. ఊళ్లో అప్పటికే మాట పాకిపోయింది. రొట్టెల కొట్టాయన తలుపు తట్టి మరీ, "భలే పట్టావు లుబ్బెర్ట్! ఊరికి నువ్వే కళ్లు!" అని వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి పోయాడు. ఆ రొట్టె అలాగే బల్ల మీద గట్టిపడింది.

మధ్యాహ్నం ఎవర్ట్ ఇంటికి వెళ్లాడు. ముందుగదిలో పొయ్యి పైన తన పలకే ఉంది, దాని ముందు నలుగురు పెద్దమనుషులు వేలు పెట్టి చూపిస్తూ మాట్లాడుకుంటున్నారు.

"ఆ మోపు మనిషిని నేను ఊహించి వేశాను," అన్నాడు లుబ్బెర్ట్.

"ఎవరు బెదిరించారు నిన్ను?" అన్నాడు ఎవర్ట్.

"ఎవరూ బెదిరించలేదు. నా బొమ్మలన్నిట్లోనూ మోపు మనిషి ఉంటాడు. మీరు చూసుకోండి."

"ఉంటాడు. నదిమీద కట్టెలు ఏరుకునేవాళ్లు ఉంటారు కాబట్టి ఉంటాడు. టోనిస్ భుజం కూడా ఊహించావా?"

"అది... అతన్ని కిటికీలోంచి..."

"బొమ్మ ఇంకా వారం కూడా కాలేదు, అప్పుడే జాలి పుట్టిందా? నువ్వు మంచివాడివిరా లుబ్బెర్ట్. మంచివాళ్లే ఇలా మాట మారుస్తారు."

అప్పుడు చెప్పాల్సింది. 'వారం కాదు, ఎండాకాలంలో వేశాను, నేను అసలు నది మీదికే రాను' అనాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ నలుగురు పెద్దమనుషుల ఇళ్లలోనూ తన చలికాలాలున్నాయి. ఒకాయన తన బొమ్మని అతిథులకి చూపిస్తూ 'ఇది వేసేటప్పుడు లుబ్బెర్ట్ చెవి తమ్మె గడ్డకట్టింది' అని కూడా చెబుతాడు. అది లుబ్బెర్ట్ చెప్పిన మాటే. నాలుక చివరినుంచి మాట మళ్లీ గొంతులోకి జారిపోయింది.

బయటికొస్తే గుమ్మం దగ్గర వెస్సెల్ మంచు పలుగు మీద గడ్డం ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఎముకల మనిషి, నోరు మాత్రం ఊరంత. "ఏం మాస్టారూ! మా బతుకులు నిలబెట్టారు. నా మాట ఎవడు నమ్మాడు? మీ బొమ్మ చెబితే నమ్మారు. నాకు నోరు తీసేసి కుంచె పెట్టాల్సింది దేవుడు!"

టోనిస్ కాపురం రేవులో ఒక పాత పడవలో. పడవ కూడా నదితో పాటే బిగుసుకుపోయింది, కదలదు. అంటే శనివారం తీర్పు తేడాగా వస్తే టోనిస్, అతని భార్య ఫెన్నా, చంటిపిల్ల, ఆ పడవని అక్కడే వదిలేసి కాలినడకన పోవాలి. ఎక్కడికి? ఆ ఆలోచన లుబ్బెర్ట్ బుర్రలో ఈగలా తిరుగుతూనే ఉంది. పొద్దున లేచి ఎప్పటిలాగే పలక చంకన పెట్టుకున్నాడు. నది ద్వారం దాకా నడిచాడు. గోడ పక్కకి తిరగాల్సిన చోట తిరగలేదు.

మెట్ల చివర ఆగాడు. పడవ నాలుగు గజాల దూరంలో ఉంది. నాలుగంటే నాలుగు. ఒక కాలు పెట్టాడు. మంచు అడుగున ఆ మూలుగు మొదలైంది, పొడుగ్గా, నది ఈ చివరనుంచి ఆ చివరికి పాకుతూ. లుబ్బెర్ట్ పలకని రెండు చేతుల్తో గుండెకి అదుముకున్నాడు.

"కాలు ఎత్తకండి అయ్యగారూ, జరపండి!" పడవ అంచు మీదనుంచి ఎర్ర టోపీ ఒకటి తొంగిచూసింది. "అది అరిస్తే భయం లేదు. అరవకపోతేనే భయపడాలి. అరిచే మంచు మంచిది, అరిచే పెళ్లాంలాగా."

"నీ మొహం!" లోపల్నుంచి ఫెన్నా కేక.

లుబ్బెర్ట్ జరిపాడు. కిందికి చూశాడు. తన బొమ్మల్లో మంచు బూడిద కలిపిన తెలుపు. ఇది తెలుపు కాదు. సీసా అడుగులాంటి ఆకుపచ్చ, దాని కింద నలుపు, ఆ నలుపులో తెల్లటి గాలిబుడగలు ఒకదాని మీద ఒకటి నాణేలు పేర్చినట్టు. ఇన్నేళ్లూ ఎవరూ తప్పు పట్టలేదే అనుకున్నాడు. భయంలోనే ఆశ్చర్యం వేసింది.

టోనిస్ చెయ్యి పట్టి పడవలోకి లాగాడు. లాగుతూ లుబ్బెర్ట్ మొహంలోకి చూశాడు. "మీరెప్పుడూ మంచు మీదికి రాలేదు కదూ?" అన్నాడు చాలా మెల్లిగా.

లుబ్బెర్ట్ పలకని చంకలోకి సర్దుకున్నాడు.

"ఊడ్చేవాడిని నేను. నా బాట మీద ఎవరు నడిచారో నాకు తెలియదా? పోన్లెండి. నేనెవరికీ చెప్పలేదు, చెప్పను."

పడవలో నలుగురు పట్టడమే కష్టం. ఫెన్నా చంటిదాన్ని తన శాలువా లోపల దాచుకుని ఉంది, ఒక చిన్న చెవి మాత్రం కనిపిస్తోంది. పొయ్యిలో తడికొమ్మ చిటపటలాడుతోంది, పొగ కళ్లని పొడుస్తోంది. ఫెన్నా బఠాణీ జావ గిన్నెలో పోసి లుబ్బెర్ట్ చేతికిచ్చింది. వద్దనలేకపోయాడు.

"బొమ్మలో మా ఆయన్ని పెట్టారంట," అంది. గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు.

"పొరపాటు జరిగిందమ్మా. అది ఇతను కాదు. కేవలం నడక..."

"ఊరంతా ఇతనే అంటున్నారు."

"నాటి ఉన్న కొమ్మని నేను పీకలేదు అయ్యగారూ," అన్నాడు టోనిస్ పొయ్యి వైపు చూస్తూ. "ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను."

"నేనూ చెబుతాను," అన్నాడు లుబ్బెర్ట్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వచ్చింది.

ఇంటికి ముందు తలుపునుంచే వచ్చాడు. ఆల్టీ చూసి చేతిలో గరిటె వదిలేసింది. "బూట్లకి మంచు అంటుకుంది," అంది. అంతే అంది.

"చెబుతానే. మొత్తం చెబుతాను. కానీ నమ్మరు. ఎవర్ట్ అంటాడు, జాలిపడి అబద్ధం ఆడుతున్నానని. ఎండాకాలంలో వేశానని ఎలా నమ్మించను? తడి ఆరింది చూడండి అంటే పొయ్యి పక్కన పెట్టావంటారు. నువ్వు చూశానంటే అక్కవి కాబట్టి అంటారు."

ఆల్టీ గరిటె తీసుకుని, దాన్ని గౌనుకి తుడిచి, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి బల్ల పట్టుకుంది.

"దోమలు!" అంది.

"ఏం దోమలు?"

"ఆగస్టు ఎండల్లో! చెట్ల నీడకి వెలుతురు చాలడం లేదని కిటికీ తీసి పెట్టావు, నదిమీది దోమలన్నీ వచ్చి తడి ఆకాశంలో అతుక్కున్నాయి. నేను సూదితో ఒక్కొక్కటే పీకలేదూ? గోపురం పక్కన ఒకటి మిగిలిపోయింది. రెక్కలు చాచి చచ్చింది. పీకబోతే నువ్వేమన్నావు? 'వదిలెయ్ అక్కా, దూరంగా పోతున్న కొంగ అనుకుంటారు' అన్నావు!"

శనివారం సభ గది కిక్కిరిసింది. పలకని పెద్దల బల్ల మీద గోడకి ఆనించి నిలబెట్టారు. ఒక పక్క టోనిస్, టోపీ చేతిలో నలుపుతున్నాడు. ఇంకో పక్క వెస్సెల్. ఎవర్ట్ ముందు వరసలో. లుబ్బెర్ట్ లేచాడు. కాళ్లు మంచు మీద ఉన్నట్టే ఉన్నాయి. కాలు ఎత్తకుండా జరుపుతూ బల్ల దాకా వెళ్లాడు.

"ఈ బొమ్మ ఆగస్టులో వేశాను," అన్నాడు. "నేను ఏ చలికాలాన్నీ చలికాలంలో వెయ్యలేదు. పొద్దున్నే ముందు తలుపునుంచి పోయి పెరటి తలుపునుంచి వస్తాను. నది మీద మొన్న మొదటిసారి అడుగుపెట్టాను. నాలుగు గజాలు."

బల్ల వెనకనుంచి సభ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, "లుబ్బెర్ట్, ఎవరినో కాపాడటానికి నీ పేరు నువ్వే చెడగొట్టుకుంటున్నావు. కూర్చో," అన్నాడు ఎంతో దయగా. చెవి తమ్మె కథ చెప్పేది ఆయనే.

"గోపురం పక్కన కొంగ ఉంది. మీ కళ్లద్దాలు పెట్టి దగ్గరగా చూడండి."

పెద్దాయన చూశాడు. ఇంకా దగ్గరికి వంగాడు. ముక్కు పలకకి తగిలేంత. ఆ తర్వాత తలెత్తకుండానే భుజాలు అదరడం మొదలుపెట్టాయి. "కాళ్లు," అన్నాడు. "ఆరు కాళ్లు. అయ్యా, కొంగకి ఆరు కాళ్లు!" కళ్లద్దాలు చేతులు మారాయి. ఒక్కొక్కళ్లే వంగడం, లేవడం, పక్కవాడి వీపు మీద చరచడం. నవ్వు గది దాటి చావిడిలోకి పాకింది. ఎవరో అరిచారు: "మంచులో దోమ రా! లుబ్బెర్ట్ మంచులో దోమ!" లుబ్బెర్ట్ ఆ నవ్వు మధ్య నిలబడ్డాడు. ఒళ్లంతా కాలిపోతోంది, కానీ ఇన్నాళ్ల దురద ఒక్కసారిగా పోయింది. టోనిస్ ఒక్కడే నవ్వలేదు. అతను నేల వంక చూస్తున్నాడు.

నవ్వు సద్దుమణిగాక పెద్దాయన కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పాడు. బొమ్మ సాక్ష్యం కాదు. టోనిస్ కొమ్మ తీశాడనడానికి ఇంకే ఆధారమూ లేదు. తీసినవాడు లేడు కాబట్టి నాటనేలేదు. కన్నం కొట్టిన వెస్సెల్ మర్నాడు ద్వారాలు మూసేలోపు ఊరు విడిచిపోవాలి.

"నాటాను!" అన్నాడు వెస్సెల్. ఊరంత నోరు ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. "నాటాను..."

ఎవర్ట్ తన పనివాడి వంక చూడలేదు. మర్నాడు చర్చి అయ్యాక బొమ్మని లుబ్బెర్ట్ ఇంటికి మనిషి చేత పంపించేశాడు.

ఆదివారం ఊళ్లో వేరే పని లేదు. ప్రతి ఇంట్లోనూ గోడలమీది చలికాలాలు దింపి, కిటికీ దగ్గర పెట్టి దోమలు వెతికారు. రెండిళ్లలో దొరికాయి కూడా. వీధిలో పిల్లలు లుబ్బెర్ట్ ఇంటి ముందు "జుయ్ఁ" అని పరిగెడుతున్నారు. ఇక మీద తన బొమ్మ ఎవరూ కొనరని లుబ్బెర్ట్‌కి తెలుసు. విచిత్రంగా అందుకు బాధ కూడా సరిగ్గా రావడం లేదు. సీసా అడుగు ఆకుపచ్చ ఎలా కలపాలా అని వేళ్లు ఉబలాటపడుతున్నాయి.

ముందు ఒక పని మిగిలింది. పలకని బల్ల మీద పడుకోబెట్టి, గుడ్డకి టర్పెంటైన్ తడిపాడు. ఆ మోపు మనిషిని తుడిచెయ్యాలి. ఇంకెప్పుడూ ఎవరి మెడకీ చుట్టుకోకుండా. గుడ్డ మూల దగ్గరికి తెచ్చాడో లేదో, తలుపు తట్టారు. టోనిస్.

"బొమ్మ చూడొచ్చా అయ్యగారూ? సభలో దగ్గరికి పోనివ్వలేదు."

టోపీ తీసి, బూట్లు గుమ్మంలో విప్పి, మేజోళ్లతో వచ్చాడు. బల్ల మీద వంగాడు. దోమని చూడలేదు. నేరుగా ఎడమ మూలకి పోయాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తన ఎడమ భుజాన్ని తనే ఓసారి తడుముకున్నాడు.

"నా వీపు ఎలా ఉంటుందో నాకు తెలియదు," అన్నాడు. "ఇలాగన్నమాట."

"తుడిచేస్తున్నాను."

"వద్దు." చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనివ్వండి. మా పిల్ల పెద్దయ్యాక చూస్తుంది. నన్నెవరు వేస్తారు ఇంకోసారి?"

"సరే, నిన్ను ఉంచుతాను. మోపు తుడిచేస్తాను. చీపురు పెడతాను."

టోనిస్ తల అడ్డంగా ఊపాడు. "మోపు కూడా ఉండనివ్వండి. అది నిజమే."

వంటింట్లో ఆల్టీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నాటి ఉన్నదాన్ని నేను పీకలేదు. అది ఒట్టు. పడిపోయి ఉంది. రాత్రి గాలికి అనుకుంటా, మొదలు పైకి తేలి, మంచు మీద అడ్డంగా పడుంది. వెస్సెల్ గాడు లోతుగా గుచ్చలేదు. కన్నం మీద పలచగా పొర కట్టి, పైన మంచు రాలింది, నాకు కన్నం కనబడలేదు. కొమ్మ కనబడింది. పిల్ల రాత్రంతా దగ్గింది, పొయ్యిలో ఏమీ లేదు. మోపులో పెట్టుకున్నాను." గోళ్లతో టోపీ అంచు పీకుతున్నాడు. "అది గుర్తు కొమ్మ అని నాకు తర్వాత తెలిసింది. గుర్రం అరుపు విన్నాక. సగం కాలిపోయింది అప్పటికి. నాటాను అని వాడు అంటున్నాడు చూశారా, వాడు నాటాడు."

లుబ్బెర్ట్ పలక వంక చూశాడు. ఆగస్టులో, చెమటలో, ఎడమపక్క బరువు చాలలేదని పెట్టిన మనిషి. ఊరంతా తన మాట అబద్ధమని నవ్వుతున్న రోజున, ఆ పలకలో ఉన్న ఒకే ఒక్క నిజం.

"మీరు చెప్పమంటే చెబుతాను," అన్నాడు టోనిస్. "నాకోసం అందరిముందూ నిలబడ్డారు. మీ మాటే నా మాట. కానీ పిల్లకి ఇంకా దగ్గు తగ్గలేదు." బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. తలుపు సరిగా వెయ్యలేదు, చలి లోపలికి వస్తోంది.

లుబ్బెర్ట్ వెయ్యడానికి లేచాడు. వీధిలో పొద్దు వాలుతోంది. నది ద్వారం దగ్గర కాపలావాడు గొలుసు తీసి చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వీధి చివరినుంచి వెస్సెల్ వస్తున్నాడు. వెనకే అతని భార్య, ఆమె గౌను పట్టుకుని ఇద్దరు పిల్లలు. వెస్సెల్ వీపు మీద పరుపు, కుండలు, కుర్చీ కాళ్లు అన్నీ కలిపి కట్టిన మూట. బరువుకి అతని ఎడమ భుజం కిందికి వాలిపోయింది. దూరంనుంచి చూస్తే అచ్చం మోపు మోసే మనిషిలాగే ఉన్నాడు. లుబ్బెర్ట్ ఇంటి ముందు ఆగలేదు, తల తిప్పలేదు, ఊరంత నోరు మూసుకునే పోతున్నాడు.

"ఏరా?" అంది ఆల్టీ వెనకనుంచి, మెల్లిగా. ఆ ఒక్కసారికీ వెక్కిరింత లేదు.

లుబ్బెర్ట్ చేతిలో తడిగుడ్డ ఇంకా ఉంది. రేవులో టోనిస్ పడవ పొగగొట్టంలోంచి సన్నగా పొగ లేస్తోంది. వెస్సెల్ ద్వారం దాకా చేరడానికి ఇంకా వీధిలో సగం ఉంది, ఒక్క కేక వేస్తే వినబడుతుంది.

ఆ తర్వాత లుబ్బెర్ట్ ఏం చేశాడో ఊళ్లో తలో మాట చెబుతారు, నేను అడగబోయేది అది కాదు. ఆ గుమ్మంలో, ఆ తడిగుడ్డతో, మీరు నిలబడి ఉంటే కేక వేసేవారా?